ట్యాకిల్స్ లెక్కపెడితే డిఫెండర్ తెలుస్తాడా?

బొల్లారం స్టాపర్:

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. వారం రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఇది.

సికింద్రాబాద్ వైపు ఆదివారాలు ఆడే ఒక ఫుట్‌బాల్ టీమును నేను చూసుకుంటాను. బంతులకు గాలి కొట్టించడం దగ్గర్నుంచి గ్రౌండ్ బుక్ చేయడం దాకా అన్నీ నేనే. పదకొండేళ్ళు స్టాపర్‌గా, అంటే వెనక మధ్యలో నిలబడే డిఫెండర్‌గా ఆడాను. ఎడమ మోకాలు దెబ్బతిన్నాక బయట కూర్చుని నోటుబుక్కు పట్టుకున్నాను. మ్యాచ్ జరుగుతుంటే ఒక్కో డిఫెండర్ నంబర్ ఎదురుగా గీతలు పెడతాను. ట్యాకిల్‌కి (ఎదుటివాడి కాళ్ళ దగ్గర బంతి మీదకు కాలు వేయడానికి) ఒక గీత, ఇంటర్‌సెప్షన్‌కి (వాళ్ళ పాస్‌ని మధ్యలో పట్టేయడానికి) ఒకటి, క్లియరెన్స్‌కి (బంతిని దూరంగా తన్నేయడానికి) ఒకటి, తలతో బంతి గెలిస్తే ఒకటి. నాలుగు గీతలయ్యాక ఐదోది అడ్డంగా. చిన్నప్పుడు మా నాన్న పాలవాడి లెక్క వంటింటి గోడ మీద ఇలాగే గీసేవాడు, అదే అలవాటు.

మాకు వెనక మధ్యలో ఆడగలిగేవాళ్ళు ముగ్గురున్నారు. కెప్టెన్ చోటు ఖాయం. రెండో చోటుకి ఇద్దరు. పేర్లు రాయడం బాగుండదు కాబట్టి జెర్సీ నంబర్లతోనే చెప్తాను. 4వ నంబర్‌కి 34 ఏళ్ళు. పరుగు తగ్గింది. బయట నోరు విప్పడు కానీ గ్రౌండ్‌లో దిగితే తొంభై నిమిషాలూ అరుస్తూనే ఉంటాడు. 15వ నంబర్‌కి 22. మెరుపులా పరిగెడతాడు, బంతి కనబడితే ఆగడు, నేల మీద జారి మరీ తన్నేస్తాడు. చూసేవాళ్ళకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఆరు మ్యాచ్‌లయ్యాక కూడితే 15 పేరు మీద 31 ట్యాకిల్స్, 4 పేరు మీద 9. ఇంటర్‌సెప్షన్స్ కూడా 15వే ఎక్కువ. సెమీఫైనల్ ముందురోజు రాత్రి ఆ పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టి, రేపు 15 ఆడతాడు అని రాశాను. 4 ఏమీ అడగలేదు. "సరే అన్నా" అని రెండు మాటలు పెట్టాడు. పొద్దున అందరికంటే ముందే వచ్చి, ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను భుజాన వేసుకుని గేటు దగ్గర్నుంచి మోసుకొచ్చాడు.

3-1తో ఓడిపోయాం. మొదటి గోల్ ఇంకా కళ్ళముందే ఉంది. వాళ్ళ పదో నంబర్ సెంటర్ సర్కిల్ దగ్గర బంతి అందుకున్నాడు. వీపు మా గోల్ వైపే ఉంది, అంటే వాడి వల్ల అప్పటికి ఏ ప్రమాదమూ లేదు. మా 15 తన చోటు వదిలేసి పది గజాలు ముందుకు ఉరికి జారాడు. కాలు బంతికి తగిలింది కూడా. నేను గీత పెట్టాను. తల ఎత్తేసరికి ఆ బంతి పక్కనే ఉన్న వాళ్ళవాడి కాళ్ళ దగ్గర పడి ఉంది, వాడి ముందు 15 ఖాళీ చేసి వచ్చిన చోటు లారీ పట్టేంత వెడల్పుంది. ఆ ఖాళీలోకి ఒక్క త్రూ బాల్, అంతే, గోల్. రెండో గోల్ కూడా అచ్చం అలాగే, ఈసారి కుడివైపు నుంచి.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచాను. ఆ రోజు 15కి 8 ట్యాకిల్స్. సీజన్ మొత్తంలో మా డిఫెండర్లలో ఎవరికీ ఒక్క మ్యాచ్‌లో అన్ని రాలేదు. తప్పు ఆ కుర్రాడిది కాదు. నేను దేనికి గీతలు ఇస్తున్నానో వాడు అదే చేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

యాప్ స్టామ్ సంగతి మీలో చాలామందికి తెలుసు. 1999లో మాంచెస్టర్ యునైటెడ్ ఒకే సీజన్‌లో మూడు పెద్ద టైటిల్స్ గెలిచినప్పుడు ఆ డిఫెన్స్‌కి పెద్దదిక్కు అతనే. 2001 ఆగస్టులో వాళ్ళ మేనేజర్ ఫెర్గూసన్ అతన్ని ఇటలీ క్లబ్ లాజియోకి అమ్మేశాడు. ఆత్మకథలో రాసిన మాటల వల్లే అని అప్పట్లో పత్రికలు రాశాయి. ట్యాకిల్స్ తగ్గాయని చూపించిన లెక్కలు కూడా ఒక కారణమని తర్వాత చాలామంది రాశారు. అతని చోటులోకి 35 ఏళ్ళ లోరాన్ బ్లాంక్ వచ్చాడు. యునైటెడ్ ఆ సీజన్‌లో మూడో స్థానంలో ఆగింది. స్టామ్ మాత్రం ఇటలీలో ఏళ్ళ తరబడి ఆడాడు, 2005లో మిలాన్ తరఫున ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో దిగాడు. అతన్ని పంపడం తప్పని ఫెర్గూసనే తర్వాత ఒప్పుకున్నాడు. ఇదంతా చదివినవాణ్ణి, తెలిసినవాణ్ణి, పైగా స్వయంగా స్టాపర్‌గా ఆడినవాణ్ణి. అయినా అదే పని చేశాను.

నేను అడిగేది ఇదే. డిఫెండర్‌ని అంకెలతో తూచడం అసలు కుదిరే పనేనా? లేక నేను లెక్కపెట్టకూడనివి లెక్కపెడుతున్నానా? పుస్తకం పక్కన పడేయమంటే పడేస్తాను. కానీ అది లేకపోతే రేపు ఎవరిని ఆడించాలన్నా నా ఇష్టం, నా మొహమాటం తప్ప ఇంకేం మిగలదు. అదీ నాకు భయమే.

విశాఖ లివర్‌పూల్:

అన్నా, మీరు రాసింది చదువుతుంటే నాకు వెంటనే 2019 మార్చి 31 గుర్తొచ్చింది. ఆదివారం, మన టైం రాత్రి 9 గంటల మ్యాచ్. మా లివర్‌పూల్ సొంత గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌లో టాటెన్‌హామ్‌తో. స్కోరు 1-1, 85వ నిమిషం. మేమంతా గోల్ కోసం ముందుకెళ్ళిపోయాం, వెనక మా డిఫెండర్ వాన్ డైక్ ఒక్కడే. ఎదురుగా బంతితో సిసోకో, పక్కన సన్. ఇద్దరి మీద ఒక్కడు. హాస్టల్ గదిలో మేం ఏడుగురం ఉన్నాం, ఒక్కడూ ఊపిరి తీసుకోలేదు.

వాన్ డైక్ ఏం చేశాడో ఆ రాత్రి వీడియో ఆపి ఆపి చూశాను. బంతి మీదకు వెళ్ళలేదు. వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు, ఒళ్ళు సన్ వైపు తిప్పి. అంటే ఆ పాస్ దారి మూసేశాడు. సన్ కుదురుగా షాట్ కొడతాడు, సిసోకో ఎడమకాలితో కొట్టలేడు. నువ్వే కొట్టుకో, అదీ ఎడమకాలితో కొట్టుకో అని అతనికి వదిలేశాడు. ఆఖరి క్షణంలో మాత్రం రెండడుగులు మీదకు వేశాడు. సిసోకో ఎడమకాలితో కొట్టాడు, బంతి బార్ పైనుంచి ఎగిరిపోయింది. ఐదు నిమిషాల తర్వాత వాళ్ళ ఆల్డర్‌వైరల్డ్ సెల్ఫ్ గోల్‌తో మేం 2-1తో గెలిచాం.

మీ పుస్తకంలో ఆ నాలుగు సెకన్లకు ఏ గీత పడుతుంది? ట్యాకిల్ లేదు, ఇంటర్‌సెప్షన్ లేదు, బంతికి కాలు కూడా తగల్లేదు. పట్టికలో ఉండేది సిసోకో పేరు మీద గురి తప్పిన ఒక షాట్. ఆ సీజన్ మొత్తంలో నేను చూసిన గొప్ప డిఫెండింగ్ అది, వాన్ డైక్ పేరు మీద సున్నా.

అలాగని అంకెలన్నీ దండగ అనను. వాన్ డైక్‌ని డ్రిబుల్‌తో దాటి ఎవరూ వెళ్ళలేదన్న లెక్క ఆ సీజన్‌లో ఊరంతా మోగిపోయింది. 50 లీగ్ మ్యాచ్‌లు అలా గడిచాక, 2019 ఆగస్టులో ఆర్సెనల్ పెపే దాటాడు. ఆ లెక్క నాకు ఇష్టం. ఎందుకంటే అది అతను చేసిన పనిని కాదు, ఎదుటివాడిని చేయనివ్వని పనిని చెప్తుంది. దూకనివాడిని దాటడం కష్టం కదా. మీ 4వ నంబర్‌ని ఆ ఆరు మ్యాచుల్లో ఎంతమంది దాటారో గుర్తుందా?

డల్లాస్ డేటా:

స్టాపర్ గారూ, నేను డల్లాస్‌లో ఉంటాను. నా ఉద్యోగం డేటాతోనే, ఫుట్‌బాల్‌తో కాదు. కానీ శని, ఆదివారాలు తెల్లవారుజామునే లేచి మ్యాచ్ చూడందే నాకు వారం ముగిసినట్టుండదు. మీ పుస్తకాన్ని పడేయమని మాత్రం నేను చెప్పను.

మీరు ఇన్నాళ్ళూ లెక్కపెట్టింది డిఫెండర్ దగ్గరికి ఎంత పని వచ్చిందో. ఎంత బాగా చేశాడో కాదు. బంతి 70 శాతం సేపు తన టీం దగ్గరే ఉంటే ఆ డిఫెండర్ ఎవరిమీద ట్యాకిల్ చేస్తాడు? బంతి దొరకని టీంలో ఉంటే పొద్దస్తమానం అదే పని. ఇంగ్లండ్ క్లబ్ బర్న్‌లీలో ఉన్నప్పుడు టార్కోవ్‌స్కీ, బెన్ మీ కొట్టిన క్లియరెన్సులు, అడ్డుకున్న షాట్లు చూడండి, కుప్పలు కుప్పలు. వాళ్ళు మంచి డిఫెండర్లే, సందేహం లేదు. కానీ ఆ కుప్పలో సగం వాళ్ళ గొప్ప, సగం వాళ్ళ టీం ఆడే తీరు. అందుకే ఇప్పుడు లెక్కలు చేసేవాళ్ళు ఎదుటి టీం దగ్గర బంతి ఎంతసేపు ఉందో చూసి, దానికి తగ్గట్టు ట్యాకిల్స్‌ని సరిచేసి పోలుస్తారు. మీ ఇద్దరు ఆటగాళ్ళూ ఒకే మ్యాచుల్లో, ఒకే టీముల మీద, అన్నే నిమిషాలు ఆడారా? ఆరు మ్యాచుల్లో ఎవరికి ఏ ప్రత్యర్థి పడ్డాడో చూడకుండా 31 ఎక్కువ, 9 తక్కువ అనలేం. అసలు ఆరు మ్యాచ్‌లు ఏ లెక్కకైనా చాలా తక్కువ.

మీరు రాసిన ఆ మొదటి గోల్ విషయానికొస్తే, అక్కడ మీ గీతే తప్పు. ట్యాకిల్ తర్వాత బంతి తన టీంకి దక్కితేనో, గీత దాటి బయటికి పోతేనో అది గెలిచిన ట్యాకిల్. మీ 15 కాలు తగిలించాడు, బంతి మళ్ళీ వాళ్ళకే పోయింది. అది గెలిచినట్టు కాదు. దూకి పూర్తిగా తప్పినవి మీ పుస్తకంలో అసలు లేనే లేవు. వాడు 31 సార్లు తాకాడు సరే, ఎన్నిసార్లు తప్పి కిందపడి ఉన్నాడు? ఆ గడి ఒక్కటి ఉండి ఉంటే ఆ రాత్రి మీరు గ్రూపులో వేరే మాట రాసేవారేమో.

బర్న్‌లీ గురించి ఇంకో మాట చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ ఇది. షాట్ ఎక్కడి నుంచి కొట్టారు, తలతోనా కాలితోనా అని చూసి అది గోల్ అయ్యే అవకాశం ఎంతో చెప్పే లెక్క ఉంది కదా, ఎక్స్‌జీ అంటారు. ఆ లెక్క ప్రకారం బర్న్‌లీ మీద పడాల్సినన్ని గోల్స్ పడేవి కావు. అదృష్టం, వచ్చే ఏడు కుదరదు అనేవాళ్ళు. వచ్చే ఏడు కూడా కుదిరేది. 2017-18లో ఏకంగా 7వ స్థానంలో నిలిచారు. తర్వాత తేలింది ఏమిటంటే, పాత లెక్కల్లో షాట్ కొట్టేవాడికీ గోల్‌కీ మధ్య ఎంతమంది నిలబడి ఉన్నారో లేదు. వాళ్ళ కోచ్ డైచ్ ఆ టీంలో జనాన్నంతా గోల్ ముందున్న బాక్సులో నిలబెట్టేవాడు, షాట్‌కి ఒళ్ళు అడ్డం పెట్టించేవాడు. ఆ మనుషులు ఉన్న చోటును లెక్కలోకి తెచ్చాక అదృష్టం అనుకున్నదాంట్లో చాలా భాగం పనితనమని అర్థమైంది. ఇప్పుడు పెద్ద లీగుల్లో కెమెరాలు సెకనుకు 25 సార్లు 22 మంది ఎక్కడున్నారో కొలుస్తున్నాయి. సిసోకో ముందు వాన్ డైక్ వేసిన అడుగులు మీ పుస్తకంలోకి రావు కానీ వాటిలోకి వస్తాయి.

విశాఖ తమ్ముడూ, నువ్వు చెప్పిన నాలుగు సెకన్లు నాకూ ఇష్టమే. కానీ 2020 అక్టోబర్ 4న ఆస్టన్ విల్లా మన లివర్‌పూల్ మీద 7 గోల్స్ కొట్టినప్పుడు వాన్ డైక్ 90 నిమిషాలూ గ్రౌండ్‌లోనే ఉన్నాడు. దాని వీడియో ఆపి ఆపి చూశావా? నేనూ చూడలేదు. కళ్ళు కూడా తమకు ఇష్టమైనవే లెక్కపెడతాయి. రెండు వారాల్లోపే ఎవర్టన్ మ్యాచ్‌లో అతని మోకాలు పోయింది, 2021 మొదట్లో మనం సొంత గ్రౌండ్‌లో వరసగా 6 లీగ్ మ్యాచ్‌లు ఓడాం. చూశారా అతను లేకపోతే ఎంత లోటో అని అందరం అన్నాం. కానీ అదే సీజన్‌లో మిగతా స్టాపర్లు గోమెజ్, మాటిప్ కూడా గాయాలతో పడ్డారు, మిడ్‌ఫీల్డ్ నుంచి ఫాబిన్యో, హెండర్సన్‌లను తెచ్చి వెనక నిలబెట్టారు. అందులో వాన్ డైక్ వాటా ఎంత, మిగతావాళ్ళది ఎంత అని నేను విడదీయలేకపోయాను. ప్రయత్నించాను, నిజంగానే.

లెఫ్ట్ బ్యాక్ అమ్మాయి:

అన్నా, నేను మా కాలేజీ టీంలో లెఫ్ట్ బ్యాక్. పెద్ద లెక్కలు నాకు తెలియవు, నాకు జరిగింది చెప్తాను.

పోయిన డిసెంబర్‌లో ఒక మ్యాచ్. వాళ్ళ రైట్ వింగర్ చాలా వేగం, అంతకుముందు మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టింది. నేను ఆమెను లోపలికి రానివ్వకుండా లైన్‌కే అంటించి ఉంచాను. బంతి ఆమెకి రాకముందే ఆమె పక్కన ఉండేదాన్ని. కాసేపటికి వాళ్ళ మిడ్‌ఫీల్డర్ తల ఎత్తి ఇటు చూసి, ఇచ్చే వీలు లేక అటువైపు తిప్పేయడం మొదలుపెట్టింది. రెండో సగంలో ఆమెకి బంతి సరిగ్గా మూడుసార్లు అందింది. 1-0తో గెలిచాం. మ్యాచ్ అయ్యాక మా కోచ్ అందరికీ ఒక్కో మాట చెప్తూ నా దగ్గరికొచ్చి, "నువ్వు ఇవాళ కనబడనే లేదమ్మా" అన్నారు. బస్సులో పులిహోర పొట్లం విప్పలేదు నేను.

ఇంతకీ 4వ నంబర్ అన్నకి ఆ రాత్రి తర్వాత మీరు ఏమైనా చెప్పారా? ఆ గీతల గొడవ తర్వాత తేల్చుకోవచ్చు. ముందు ఆయనతో మాట్లాడండి అన్నా.

పాత గోలీ:

బాబూ స్టాపర్, నాకు అరవై దాటాయి. ఇరవై ఏళ్ళు హైదరాబాద్‌లో ఒక డిపార్ట్‌మెంట్ టీంకి గోల్ కాచాను. డిఫెండర్ ఎలాంటివాడో ప్రేక్షకుడి కంటే, కోచ్ కంటే ముందు తెలిసేది వెనక నిలబడ్డవాడికి. అందుకే రాస్తున్నాను.

మా రోజుల్లో ఈ పుస్తకాలు లేవు. నాకు నా జెర్సీయే లెక్క. మ్యాచ్ అయ్యాక జెర్సీకి ఎంత మట్టి అంటిందో చూసుకునేవాణ్ణి. మా టీంలో ఒక స్టాపర్ ఉండేవాడు, పొట్టివాడు, తల మీద బంతి పెద్దగా గెలిచేవాడు కాదు. వాడు ఆడిన రోజు ఇంటికెళితే మా ఆవిడ "ఇవాళ మ్యాచ్ లేదా?" అని అడిగేది, బట్టలు అంత శుభ్రంగా ఉండేవి. వాడు చేసేది ఒక్కటే. ఫార్వర్డ్ బంతితో వస్తుంటే వాడిని ఏ వైపు తిప్పుతున్నాడో నాకు ముందే తెలిసేలా తిప్పేవాడు. దూరపు పోస్టు వైపు వాడు ఒళ్ళు అడ్డం పెడితే దగ్గర పోస్టు నేను చూసుకునేవాణ్ణి. నేను కాచాల్సిన గోల్ సగమయ్యేది. షాట్ వచ్చినా నేరుగా నా చేతుల్లోకే వచ్చేది. పేపర్లో మర్నాడు "గోల్‌కీపర్ చక్కగా అడ్డుకున్నాడు" అని నా పేరు పడేది. వాడి పేరు ఎన్నడూ పడలేదు. డల్లాస్ అబ్బాయి అడుగుతాడేమో, ఆ రోజు ఎదుటి టీం బలహీనమేమో అని. కొన్నిసార్లు అదీ నిజమే. కానీ అదే టీం మీద వాడు లేని రోజు నా మోచేతులు చీరుకుపోయేవి.

డిఫెండర్ పేరు రికార్డుల్లోకి ఎలా ఎక్కుతుందో రెండు సంగతులు చెప్తాను. మా నాన్నగారు రహీం సాబ్ గురించి చెప్తుంటే పెరిగినవాణ్ణి నేను. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమును 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిపించిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన దేశం స్వర్ణం గెలిచినప్పుడు కోచ్ ఆయనే. ఆ టీంలో జర్నైల్ సింగ్ స్టాపర్. ఆసియాలోనే గొప్ప స్టాపర్ అని పేరు. ఆ టోర్నీలో తలకు గాయమై కుట్లు పడితే, రహీం సాబ్ అతన్ని ఇంటికి పంపలేదు, తెచ్చి ఫార్వర్డ్‌లో పెట్టారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద జర్నైల్ గోల్ కొట్టాడు, 2-1తో గెలిచాం. ఇవాళ రికార్డు తెరిస్తే జర్నైల్ పేరు పక్కన కనబడేది ఆ గోలే. ఏళ్ళ తరబడి వెనక నిలబడి ఆపినవి ఎన్నో ఎవరూ రాసి పెట్టలేదు.

రెండోది 1994 ప్రపంచకప్ ఫైనల్. మనకు అర్ధరాత్రి దాటాక మొదలైంది, నేను ఒక్కణ్ణే కూర్చుని టీవీలో చూశాను. ఇటలీ డిఫెండర్ బరేసి టోర్నీ మొదట్లో నార్వే మ్యాచ్‌లో మోకాలికి దెబ్బ తగిలి ఆపరేషన్ చేయించుకున్నాడు. నాలుగు వారాలు తిరక్కుండానే ఫైనల్లో దిగాడు. 34 ఏళ్ళు. ఎదురుగా బ్రెజిల్ ఫార్వర్డ్‌లు రొమారియో, బెబెటో. 120 నిమిషాలు ఆడాడు, బ్రెజిల్‌కి ఒక్క గోల్ రాలేదు. చివర్లో కాళ్ళు పట్టేసి నడవలేకపోతున్నాడు. షూటౌట్‌లో మొదటి పెనాల్టీ అతనే తీశాడు, పైకి కొట్టేశాడు. ఏడ్చాడు. ఆ ఫైనల్ లెక్కల్లో బరేసి పేరు పక్కన ఉండేది ఆ తప్పిన పెనాల్టీ. నాకు మాత్రం బరేసి అంటే ఆ 120 నిమిషాలే. రొమారియో అడుగు కదిపేలోపే అక్కడికి చేరిపోయి ఉండేవాడు. ఒక్క కాలితో, ఆపరేషన్ కాలితో.

అదే ఏడాది మిలాన్ ఇటలీ లీగ్ గెలిచింది. 34 మ్యాచుల్లో కొట్టింది 36 గోల్స్, ఇచ్చింది 15. తసోటి, బరేసి, కోస్టాకుర్తా, మాల్దీనీ. ఆ 15 గోల్స్‌లో ఎవరి వాటా ఎంత అని ఎవరు పంచగలరు? నలుగురూ ఒక తాడుతో కట్టినట్టు కదిలేవారు. ఒకడు ముందుకేస్తే ముగ్గురు వేసేవారు. నిన్ను నేను అడిగేది అదే బాబూ. నీ పుస్తకంలో 4కి ఒక వరస, 15కి ఒక వరస ఉన్నాయి. ఇద్దరూ కలిసి ఆడినప్పటి వరస ఉందా?

డల్లాస్ డేటా:

గోలీ గారూ, మీ జెర్సీ మట్టి లెక్క నేను కాదనను. దాన్నే మేం షాట్లు ఎన్ని వచ్చాయి, ఎంత ప్రమాదకరమైన చోటు నుంచి వచ్చాయి అని రాసుకుంటాం. ఆఖరున మీరు అడిగినదానికి మాత్రం నా దగ్గర సరైన జవాబు లేదు. ఇద్దరు కలిసి ఆడితే వచ్చే బలాన్ని చెరిసగం ఎలా పంచాలో తృప్తిగా చెప్పిన లెక్క నేనింతవరకూ చూడలేదు.

బొల్లారం స్టాపర్:

అందరికీ ఎంతో రుణపడ్డాను. పది రోజులు ఆలస్యమైంది, కావాలనే ఆగాను.

చెల్లెమ్మా, నువ్వు అడిగిన మాటే ముందు పట్టుకున్నాను. గురువారం సాయంత్రం 4వ నంబర్‌ని చాయ్ హోటల్‌కి పిలిచాను. తప్పు నాదని చెప్పాను. పుస్తకం కూడా తీసి చూపించాను. అతను పేజీలు తిప్పి, 15 వరస మీద వేలు పెట్టి, "వాడిని ఏమనకన్నా. వాడు దూకడం తప్పు కాదు. వాడు దూకినప్పుడు వెనక చోటు నింపేవాడు కావాలి, దూకొద్దు అన్నప్పుడు అరిచేవాడు కావాలి. ఆ రోజు అవి రెండూ లేవు" అన్నాడు. తన గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. గోలీ గారూ, మీరు అడిగిన ప్రశ్నా ఇదే. వాళ్ళిద్దరూ కలిసి ఆడిన వరస నా పుస్తకంలో లేదు. ఎందుకంటే నేనెప్పుడూ ఇద్దరిలో ఒకడినే ఎంచుకున్నాను.

ఆదివారం ప్రాక్టీస్ మ్యాచ్‌కి కెప్టెన్‌కి నైట్ డ్యూటీ అయి రాలేకపోయాడు. 4ని, 15ని పక్కపక్కన పెట్టాను. మొదటి సగం పుస్తకం తెరవలేదు. బంతిని కూడా చూడలేదు, కష్టమైంది కానీ నలభై నిమిషాలు 4 ఒక్కడినే చూశాను. అతను నిలబడి ఉన్నాడని ఇన్నాళ్ళూ అనుకునేవాణ్ణి. నిలబడడు. బంతి అవతలి గోల్ దగ్గరున్నా రెండడుగులు ఇటు, ఒకడుగు అటు, ప్రతి పాస్‌కీ సర్దుకుంటూనే ఉంటాడు. తల తిప్పి వెనక చూస్తాడు, మళ్ళీ ముందు చూస్తాడు. వాళ్ళ ఫార్వర్డ్ వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచుతాడు. నెట్టడు. నేనున్నాను అని తెలిసేలా ఆనిస్తాడంతే. ఆ ఫార్వర్డ్ మూడుసార్లు బంతి అందుకుని, తిరగాలని చూసి, తిరక్కుండా వెనక్కి ఇచ్చేశాడు. ఒకసారి 15 ముందుకు ఉరకబోతే "ఆగు!" అని గ్రౌండంతా వినబడేలా అరిచాడు. కుర్రాడు ఆగాడు. బంతి పక్కకు వెళ్ళింది, ప్రమాదం ఏమీ రాలేదు. ఇంకోసారి "పో!" అన్నాడు. 15 వెళ్ళి శుభ్రంగా గెలుచుకున్నాడు. ఆ ఖాళీ చోటులో 4 అప్పటికే ఉన్నాడు.

రెండో సగంలో పుస్తకం తెరిచి, డల్లాస్ తమ్ముడు చెప్పినట్టు గడులు మార్చాను. ట్యాకిల్ తర్వాత బంతి ఎవరికి దక్కిందో ఒక గడి. దూకి తప్పినది ఒక గడి. దాటించుకుపోయింది ఒక గడి, అది విశాఖ తమ్ముడి మాట. ఇవి కాక నేనే ఒకటి చేర్చాను: తిరగలేక వెనక్కి ఇచ్చిన బంతి. 4 పేరు మీద ఆ గడిలో రెండో సగంలోనే 7 గీతలు పడ్డాయి. దాటించుకుపోయింది సున్నా. 15కి ట్యాకిల్స్ 5, అందులో 4 బంతులు మనకే దక్కాయి. ఒక్క ప్రాక్టీస్ మ్యాచ్‌తో ఏదీ తేలదని తెలుసు తమ్ముడూ, ఆరు మ్యాచ్‌లే చాలవన్నావుగా. రాస్తూనే ఉంటాను.

వచ్చే ఆదివారం కొత్త టోర్నీలో మొదటి మ్యాచ్. వెనక ముగ్గురితో దిగుతున్నాం. కెప్టెన్ ఎడమవైపు, 15 కుడివైపు, మధ్యలో 4. ఇందాకే అతనికి ఫోన్ చేసి, పొద్దున ఆరున్నరకి గ్రౌండ్‌కి రమ్మన్నాను. నీళ్ళ క్యాను 15 మోస్తాడని కూడా చెప్పాను. "వాడికెందుకన్నా, నేనే తెస్తాలే" అన్నాడు.